నల్లగొండలో అమృతమ్మ ఇల్లు చూసిన రోజు

ఆ రోజుకు అమృతమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే బస్సెక్కి నల్లగొండ పోవాలి. కిరాయికి ఉందని చెప్పిన ఇల్లు చూడాలి. నచ్చితే మాట ఖాయం చేసుకుని పొద్దుగూకే లోపల పోచంపల్లికి తిరిగి రావాలి. పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలం అది. ఆమె భర్త లింగస్వామి నేత సంఘంలో పనిచేస్తాడు. సంఘం వాళ్ళు నల్లగొండలో చీరల దుకాణం పెడుతూ, అందులో కూర్చోవడానికి అతన్ని ఎంచారు. పై నెలలోనే కాపురం మార్చాలి.

అసలు ఇల్లు ముందుగా చూడడమెందుకో లింగస్వామికి అర్థం కాలేదు.

"ఇల్లంటే నాలుగు గోడలు, పైన కప్పు. సామానేసుకోని పోతే అయిపాయె. సూసేదేముంది?" అన్నాడు.

"మా అక్క గట్లనే పోయింది బస్తీకి," అంది అమృతమ్మ. "ఉప్పు నీళ్ళు. ఎంత ఉడకబెట్టినా పప్పు మెదగకపాయె. బావ అలిగి హోటల్ల తినుడు మొదలువెట్టిండు. నీళ్ళెట్లున్నయి, పాలెట్లున్నయి, ఇరుగుపొరుగు ఎట్లున్నరు, గీ మూడు తెల్వంది నేను బండెక్క."

అమృతమ్మ ఎక్కనంటే ఎక్కదు. ఆ సంగతి లింగస్వామికి పెళ్ళయిన వారానికే తెలిసింది. అందుకే ఆమె కొంగున పిడికెడు కందిపప్పు ముడేసుకుని, సంచిలో చిన్న గిన్నె పెట్టుకుంటుంటే, "గిన్నె ఎందుకే?" అని మాత్రం అడిగాడు.

"నీళ్ళు మంచియా అని అడిగితే ఎవ్వరైనా మంచియే అంటరు. ఉడకబెడితే నీళ్ళే చెప్తయి."

ఆమె కట్టుకున్నది మామూలు చీర కాదు. నూలును ముడులు కట్టి, రంగులద్ది, దుకాణంలో నమూనాగా పెట్టడానికి నేసిన చీర. నలుగురి కంట్లో పడితే మంచిదని సంఘం పెద్దలే కట్టుకొమ్మన్నారు. నల్లగొండలో బస్సు దిగేసరికి ఎండ మండిపోతోంది. అమృతమ్మ ముందు విసవిసా నడుస్తోంది. లింగస్వామి సంచి చంకన పెట్టుకుని, ఆమె నెత్తిన గొడుగు పట్టుకుని వెనక ఉరుకుతున్నాడు. చూసినవాళ్ళందరికీ ముందు పోయేది ఎవరో ఆఫీసరమ్మలాగా, వెనక పోయేవాడు ఆమె చప్రాసీలాగా కనిపించారు.

ఇంటాయన సోమన్న ఇంట్లో లేడు. తాళం వేసి ఉంది. అరుగు మీద చల్లగా కూర్చుందామన్నాడు లింగస్వామి.

"ఆయన లేకపోవుడే మంచిదాయె. ఆయనుంటే ఇల్లొక్కటే సూపెడతడు. మనకు వాడ సూడాలె," అని అమృతమ్మ నేరుగా వాడ మధ్యనున్న బావి దగ్గరికి పోయింది.

అక్కడ బిక్షమ్మ అనే ఆవిడ నీళ్ళు చేదుకుంటోంది.

"అక్కా, గీ నీళ్ళల్ల పప్పు ఉడుకుతదా? ఎండాకాలం ఊట ఉంటదా? గా మోరీల నీళ్ళు నిలవడ్డయేంది? దోమలు లేస్తలేవా? గా బర్రెను తొవ్వకు అడ్డంగ కట్టేసిందెవరు?"

బిక్షమ్మ చేతిలో చేద అలాగే ఆగిపోయింది. ఆ చీర చూసింది, గొడుగు చూసింది.

"మీరెవరమ్మా?"

అమృతమ్మ అప్పటికే మురికి మోరీలోకి వంగి చూస్తోంది. లింగస్వామి జవాబు చెప్పాడు. "సంఘం నుంచి వచ్చినమక్కా."

బిక్షమ్మకు ఆ మాట కొరుకుడు పడలేదు. బిందె అక్కడే వదిలేసి, వాడలో చదువుకున్న మనిషైన అమరేందర్ సారు దగ్గరికి పోయింది. ఆయన బడిపంతులు. వార్తాపత్రిక మడిచి పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని తేల్చి చెప్పాడు.

"సంఘమంటే పురపాలక సంఘం. అంటే మున్సిపాల్టీ. కాలువలు, దోమలు అడిగిందంటే పారిశుధ్య తనిఖీ. నాకు తెలుసు. చెప్పకుండానే వస్తారు వాళ్ళు."

ఆ మాట వాడ ఆ చివరికి పోయేసరికి మనుషులు రెండు రకాలయ్యారు. తప్పున్నవాళ్ళు పనిలో పడ్డారు, ఫిర్యాదున్నవాళ్ళు బయటికొచ్చారు. బర్రె యజమాని బర్రెను విప్పి ఇంట్లోకి తోలితే, అది వంటింటి దాకా పోయి కూర్చుంది. ఇద్దరు మగవాళ్ళు పారలు పట్టుకుని మోరీ తోడసాగారు. పేడకుప్ప ఒకటి ఒకరింటి ముందు నుంచి ఇంకొకరింటి ముందుకు, అక్కడి నుంచి వాడ బయటికి పోయింది. అమృతమ్మ ఇదంతా చూసి సంతోషపడింది.

"సూసినవా, ఎంత శుభ్రమైన మనుషులో!" అంది భర్తతో. "మనూర్ల ఎవ్వరన్న గింత ఎండల మోరీ తీస్తరా?"

అప్పుడే పాల మారయ్య క్యాను పట్టుకుని వచ్చాడు. అమృతమ్మ అతన్ని ఆపింది.

"తమ్మీ, నీ పాలల్ల పాలెన్ని, నీళ్ళెన్ని? నిజం చెప్పు. రేపు నేను తెలుసుకోకపోను."

ఆమె రేపు అన్నది కాపురానికి వచ్చాక అని. మారయ్యకు మాత్రం రేపు అంటే కోర్టు కనిపించింది. "పొరపాటున వేరే క్యాను తెచ్చిన తల్లీ," అంటూ ఇంటికి ఉరికి, వేరే పాలు తెచ్చి ఇంటింటికీ పోశాడు. ఆ పూట వాడలో చాయ తాగినవాళ్ళు గ్లాసులోకి రెండోసారి చూసుకున్నారు.

ఇక మిగిలింది పప్పు. అమృతమ్మ బావి పక్కన మూడు రాళ్ళు పేర్చి, బిక్షమ్మ ఇచ్చిన కట్టెలతో పొయ్యి అంటించింది. గిన్నెలో బావినీళ్ళు పోసి పప్పు వేసింది. వాడంతా చుట్టూ మూగింది. గోడలెక్కిన వాళ్ళు గోడలెక్కారు. వెనక వాడ జనం కూడా వచ్చారు.

"గిదేం పరీక్ష సారూ?" అని బిక్షమ్మ గుసగుసగా అడిగింది.

"నీటి పరీక్ష. శాస్త్రీయమైనది," అన్నాడు అమరేందర్ సారు.

కట్టెలు అయిపోతే మళ్ళీ తెచ్చారు. నీళ్ళు ఇగిరితే మళ్ళీ పోశారు. చివరికి అమృతమ్మ ఒక బద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. అది నలగలేదు. జారి లింగస్వామి చెంపకు తగిలింది.

"గీ బాయి నీళ్ళు పనికి రావు," అంది బాధగా.

"బాయి పూడుస్తరట!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అంతే, ఆడవాళ్ళంతా ఒక్కసారి మీదికొచ్చారు. "ఉన్న ఒక్క బాయి పూడిస్తే మేమేం తాగాలె? మా పిల్లలేం తాగాలె?"

అమృతమ్మ బెదరలేదు. బావిగట్టు ఎక్కి నిలబడి వాళ్ళకంటే గట్టిగా అడిగింది. "గింత పెద్ద వాడల ఇంకో బాయే లేదా?"

అందరూ మెల్లగా అమరేందర్ సారు వైపు తిరిగారు. ఆయన పెరట్లో బావి ఉంది. వంకాయ తోటకు తప్ప ఇంకెవరికీ నీళ్ళివ్వడం ఇష్టం లేక, ఎండిపోయిందని చెప్పి చెక్కలు మూసి పెట్టాడు. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. కానీ ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఆయనే స్వయంగా ఆఫీసరని తేల్చిన మనిషి.

"ఉన్నది... అంటే... అందరికీ ఇవ్వాలనే శుభ్రం చేయిస్తున్నాను," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

చెక్కలు లేచాయి. కొత్త నీళ్ళు, మిగిలిన పప్పు, మళ్ళీ పొయ్యి. ఈసారి పప్పు మెత్తగా వెన్నలా ఉడికింది. బిక్షమ్మ ఇంత ఉప్పు, పచ్చిమిరపకాయ తెచ్చి వేసింది. నలుగురూ వేలితో నాకి చూసి తలలూపారు.

అంతలో ఇంటాయన సోమన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. సోమన్న వచ్చాడని ఎవరో అనగానే అమృతమ్మ అతన్ని చూసి నవ్వింది. "నీళ్ళు మంచిగున్నయి, పాలు మంచిగున్నయి, మనుషులు బంగారం. నీ ఇల్లు మేమే తీసుకుంటం అన్నా."

"తమరసొంటి ఆఫీసర్లు నా రెండర్రల ఇంట్ల ఎట్లుంటరమ్మా?"

"ఆఫీసరెవరు? మా ఆయన నేత సంఘం దుకాణంల చీరలమ్మనీకె వస్తుండు."

మారయ్య తన ఖాళీ క్యాను వైపు దిగులుగా చూసుకున్నాడు. అమరేందర్ సారు ముఖం కందగడ్డయింది.

"సంఘమన్నారు కదా!"

"సంఘమే మరి. ఏ సంఘమని నువ్వు అడిగితివా?"

ఆయన గబగబా పెరట్లోకి పోయి చెక్కలు మళ్ళీ మూయబోయాడు. అప్పటికే బావి చుట్టూ బిందెలు వరుస కట్టి ఉన్నాయి. ముందు బిక్షమ్మ ఉంది. "మూద్దువుగని సారూ, తొందరేముంది? జర నా బిందె నిండనియ్యి," అంది. ఆమె వెనక ఇంకో ఆవిడ, ఆ వెనక ఇంకో ఆవిడ. చెక్క పట్టుకుని నిలబడి నిలబడి, ఆయన చివరికి దాన్ని గోడకు ఆనించాడు.

సోమన్న మాత్రం తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ఏమనుకోకు చెల్లే. మీరు పప్పు ఉడకబెడుతుంటే వెనక వాడ జానయ్య సూసిండు. గింత మంచి వాడ ఇంకోటి లేదని గప్పుడే నన్ను ఎతికి పట్టుకోని బయానా చేతిల వెట్టిండు. ఇల్లు ఆయనకిచ్చేసిన."

అమృతమ్మ బావిగట్టు మీద కూలబడింది. బస్సు దిగినప్పటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు. ముఖం నల్లబడిపోయింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ముందే చెప్పలేదా అని అనడానికి లింగస్వామికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అతను అనలేదు. తనే సోమన్న ఎదుటికి పోయి నిలబడ్డాడు.

"అన్నా, జానయ్య నీ ఇంటికి వస్తే, ఆయన ఉన్న ఇల్లు ఖాళీ అయితది గద. అది యాడుంది?"

అమృతమ్మ తలెత్తి భర్తను కొత్తగా చూసింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఇద్దరూ వెనక వాడ మలుపు తిరిగారు. నిజం ఇంకా ఆ వాడకు చేరలేదు. ఎటు చూసినా చీపుళ్ళ చప్పుడు. మోరీలో నీళ్ళు గలగలా పారుతున్నాయి. ఒక ముసలాయన బర్రెను అదిలిస్తూ పోతున్నవాడల్లా ఆగి దండం పెట్టాడు.

"గీ ఒక్క బర్రెనే తల్లీ, గిది కూడ పోతాంది. మా బాయి మాత్రం పూడ్పియ్యకుండ్రి."

"గట్ల కాదు తాతా, మేము..." అని లింగస్వామి నోరు తెరిచాడు. అమృతమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"మొదలు ఇల్లు సూద్దాం," అంది.

ఇల్లు కుదిరేదాకా ఆ వాడలో ఆమె ఎవరని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.