కళ్ల పాసుకు ఒక దీర్ఘం

సముద్రం అందరిదీ అని చాలాకాలంగా ప్రచారంలో ఉన్న వదంతిని సాగరతీర ఉద్యానవన నిర్వహణ మండలి ఈ వేసవిలో అధికారికంగా ఖండించింది. ఇకమీదట సముద్రం పాసు ఉన్నవాళ్లది. గాలి మాత్రం ప్రస్తుతానికి అందరిదీ (విషయం పరిశీలనలో ఉంది).

ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. ఎందుకంటే నాకు ఫారాలు నింపడం వచ్చు. భగవంతుడు ఒక్కొక్కరికి ఒక్కో విద్య ఇస్తాడు. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఇది ఇచ్చాడు. ఫారంలో నేను ఇంతవరకూ ఒక్క అబద్ధం రాయలేదు. ఈ సంగతి తరచూ చెబుతుంటాను కాబట్టి మా బంధువులందరికీ తెలుసు.

మా అక్క పది రోజులు ఉండి వెళ్దామని మా ఇంటికి వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. అరవై నాలుగేళ్లలో నన్ను అడిగింది ఒక్కటే.

“సముద్రమంటే ఎలా ఉంటుందో తెలీదురా నాకు. ఒక్కసారి కాళ్లు తడుపుకుని వెళ్లిపోతా.”

తొమ్మిది రోజులు ఖాళీ లేదని చెప్పిన మండలివారి పాసుల యాప్, పదో రోజుకి కరుణించింది. ఆ సాయంత్రం ఏడున్నరకే అక్క రైలు. యాప్‌లో ‘సందర్శన ఉద్దేశం’ అని ఒక గడి ఉంది. విహారం, వ్యాయామం, ఫొటోలు, ఇతరములు.

“విహారం నొక్కెయ్యండి, ఓ పనైపోతుంది” అంది మా ఆవిడ.

“మనం విహారానికి వెళ్తున్నామా? అక్కయ్యకి సముద్రం చూపించడానికి కదా వెళ్లేది?”

“చూపించండి. నేను దారికి పులిహోర... ఏదో ఒకటి కట్టి పెడతాలెండి. ముందు ఆ ఫోను వదలండి.”

నేను ‘ఇతరములు’ నొక్కి, పక్కన ‘సముద్ర దర్శనం’ అని రాసి, దేవుణ్ణి తలచుకుని పంపించాను. అంత పెద్ద సృష్టిని చూడబోతూ విహారం అనడానికి నాకు నోరు రాలేదు. మండలివారు కూడా నా భక్తిని గౌరవించారు. పాసు నిమిషంలో వచ్చింది.

ఉదయం పదింటికి గేటు దగ్గర గుమాస్తా పాసు చూసి, మమ్మల్ని చూసి, మళ్లీ పాసు చూశాడు.

“దర్శనం అని రాశారేంటండీ?”

“అందుకే వచ్చామండి.”

“అయితే మీది కళ్ల పాసు. పసుపు తాడు దాకా వెళ్లొచ్చు. అక్కణ్నుంచి చూసుకోవచ్చు. తాడు దాటాలంటే కాళ్ల పాసు ఉండాలి.”

“విహారం అని నొక్కినవాళ్లకి?”

“వాళ్లకి కాళ్లు ఇస్తాం.”

తాడుకి, నీళ్లకి మధ్య అరవై అడుగులు ఉంటాయి. విహారం నొక్కిన అబద్ధాలకోరులందరూ నడుముల దాకా దిగి కేరింతలు కొడుతున్నారు. నిజం రాసిన మేమిద్దరం తాడు పట్టుకుని నిలబడ్డాం. అక్క చాలాసేపు చూసింది.

“బాగుందిరా” అంది. తర్వాత మెల్లిగా, “ఇంత దూరం వచ్చి ఇలా నిలబడితే, వాకిట్లో నిలబెట్టి మాట్లాడి పంపించేసినట్టు ఉంది” అంది.

“నువ్వుండు అక్కా. నేను చూసుకుంటా” అన్నాను. ఫారం అనే మాట వినపడితే నాకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

కళ్ల పాసును కాళ్ల పాసుగా మార్చే అధికారం గేటు గుమాస్తాకు లేదు. ఒక దీర్ఘం చేర్చాలి కాబట్టి అది అక్షర సవరణల విభాగం కిందికి వస్తుంది. ఆ కౌంటరు పొడి ప్రాంతపు ఉప నియంత్రకుడి ఆధీనంలో, మరుగుదొడ్ల వెనక ఉంది. అక్కను బెంచీ మీద కూర్చోబెడదామనుకున్నాను. నీడ ఉన్న బెంచీలు వ్యాయామం పాసులవాళ్లవట. (అక్కడ ఆరుగురు వ్యాయామపరులు నిద్రపోతున్నారు.) అక్క కొంగు నెత్తిన కప్పుకుని ఎండలో ఉన్న బెంచీ మీద కూర్చుంది.

సవరణ ఫారం చాలా చక్కగా ఉంది. అంత వివరంగా అడిగే ఫారం నేను ఈ మధ్య చూడలేదు. తడపదలచిన కాలు: కుడి, ఎడమ. రెండింటికీ ఒకే ఫారం చెల్లదు కాబట్టి రెండు తీసుకున్నాను. తడి ఎంతవరకు: వేళ్లు, చీలమండ, పిక్క. గతంలో ఈ కాలు ఏదైనా జలాశయంలో తడిసిందా? తడిస్తే వివరాలు.

నేను పరుగున అక్క దగ్గరికి వెళ్లాను.

“అక్కా, నీ కాళ్లు ఇదివరకు ఎక్కడైనా తడిశాయా?”

“మీ బట్టలన్నీ కాలవలో ఎవరుతికారురా?”

“కాలవ పేరేంటి?”

“కాలవకి పేరేంట్రా, నీ మొహం!”

‘పేరులేని కాలువ, సుమారు పద్దెనిమిదేళ్లు’ అని రాశాను.

పాదాల ఫొటో కూడా అంటించాలి. అక్క చెప్పులు విప్పి కాళ్లు ముందుకు చాపింది. మడమల నిండా పగుళ్లు. ఆ కాళ్లతోనే నన్ను చంకనేసుకుని బడికి నడిచింది. నేను తలవంచి ఫొటో తీస్తుంటే, “దండం పెడుతున్నావా, ఫొటో తీస్తున్నావా?” అని నవ్వింది. రెండూ ఒకేసారి చేసే వీలుంది గానీ, వెలుతురు సరిపోయిందా లేదా అనే ధ్యాసలో ఉన్నాను.

ఫొటోను కౌంటరు అధికారి తిప్పికొట్టాడు.

“వేళ్లకి ఇసుక ఉందండీ. అంటే అనుమతికి ముందే లోపలికి వెళ్లినట్టు.”

“గాలికి వచ్చిపడిందండి.”

“గాలి మా పరిధి కాదు.”

కాళ్లు కడిగించి మళ్లీ తీశాను. (కుళాయి నీళ్లతో తడిసిన విషయం ఫారంలో అదనపు వివరంగా చేర్చాను.) ఒంటిగంటకి భోజన విరామం. మూడింటికి సర్వరు విరామం. ఈలోగా ఒక సందేహం నన్ను పట్టుకుంది. ఇంత నీటిని ఊరికే పోసి పెట్టినవాడు, ఏ గడిలో ఏ ఉద్దేశం రాసి ఉంటాడు? అడగకూడని ప్రశ్న అనిపించి లెంపలేసుకుని క్యూలో ఒక అడుగు ముందుకు జరిగాను.

నాలుగున్నరకి మళ్లీ నా వంతు వచ్చింది. అధికారి రెండు ఫారాలూ చదివాడు. “దస్తూరి బాగుందండీ” అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన ఆనందం అదే, దాచుకోను. ‘లబ్ధిదారు: దరఖాస్తుదారుకు అక్క’ అనే వరుస దగ్గర వేలు పెట్టి, రెండో చేత్తో ముద్ర ఎత్తాడు.

అప్పుడు విజిల్ వినపడింది.

కిటికీలోంచి చూశాను. అక్క తాడు కిందనుంచి దూరి, ఇసుక దాటి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పిక్కల లోతు నీళ్లలో నిలబడి ఉంది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా వెనక్కి గెంతుతోంది. విజిల్ ఊదే కాపలాదారుకి నమస్కారం కూడా పెట్టింది. అంత నవ్వు ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. నియమావళి పదకొండో నిబంధన మాత్రం చూశాను. తాడు దాటినవారి రక్తసంబంధీకుల దరఖాస్తులన్నీ రద్దు, ఆ వేసవంతా ప్రవేశ నిషేధం.

కాపలాదారు అక్కను కౌంటరు దగ్గరికి తీసుకొచ్చాడు. చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

“ఈ పెద్దావిడ తాలూకు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?”

అధికారి ముద్ర గాల్లోనే ఆపి నా వైపు చూశాడు.

“మీ అక్కగారు కాదు కదా?”

ఆరున్నర గంటల శ్రమ. రెండు కాళ్లు, రెండు ఫొటోలు. అక్క కోసం తెచ్చుకుంటున్న అనుమతి అక్క వల్లే పోతే ఎలా అని ఆలోచించాను. నా ఆలోచనలో తర్కం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

“కాదండి” అన్నాను.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది.

“నాతో ఎవరూ రాలేదు బాబూ. ఒక్కదాన్నే వచ్చా” అని కాపలాదారుతో చెప్పి, గేటు వైపు నడిచింది. గచ్చు మీద తడి పాదాల గుర్తులు పడ్డాయి, ఎండకి ఒక్కొక్కటే ఆరిపోయాయి.

“మరి మీ అక్కగారు ఎక్కడండీ? పిలవండి” అన్నాడు అధికారి.

“లేరండి.”

“లేని మనిషికి అనుమతి ఇవ్వలేం. మీ పేరు మీద ఇచ్చేస్తాలెండి, ఇంత చక్కగా రాశారు.” ఎర్ర సిరాతో ‘అక్క’ అనే మాటను రెండు ఫారాల్లోనూ అడ్డంగా కొట్టేసి, పైన ‘స్వయంగా’ అని రాశాడు. కొట్టివేసిన చోట దరఖాస్తుదారు సంతకం ఉండాలన్నాడు.

నిబంధన సరైనదే. రెండుచోట్లా పెట్టాను.