వెనక గేటు ముఠా

“బావా, ఈ శతాబ్దంలో ఇద్దరే మేధావులు పుట్టారు. రెండోవాడెవడో ఇంకా తేలలేదు.”

ఈ ప్రకటన చేసింది మా బామ్మర్ది. వాడికి గడియారాలు బాగుచేసే కొట్టుంది. అందులో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవు. పొద్దస్తమానం కంటికి అద్దం బిగించుకుని తిరుగుతాడని అందరూ భూతద్దం అంటారు. అది తన డిటెక్టివు బిరుదనుకుని వాడు మురిసిపోతాడు.

నేను బడిలో డ్రిల్లు మాస్టర్ని. మా ఆవిడ అదే బడిలో వంట చేస్తుంది. మా అబ్బాయి చదివేదీ అక్కడే. పిల్లలు మరీ లావెక్కిపోతున్నారని ఈ ఏడు మధ్యాహ్న భోజనంలో వేపుళ్లూ, తీపీ మానిపించారు. ఉడికించిన కూరలు, ఓ పండు, అంతే. మా ఆవిడ ఒళ్లు దగ్గర పెట్టుకుని అలాగే వండింది. తీరా తూకం వేస్తే పిల్లలు తగ్గకపోగా పెరిగారు! డ్రిల్లులో “వంగండి” అంటే చాలు, ఎక్కడో ఓ బొత్తాం ఊడి పడుతోంది.

హెడ్మిస్ట్రెస్ మా ఆవిడని పిలిచి, “చాటుగా నూనె గుమ్మరిస్తున్నట్టున్నావు. శుక్రవారంలోగా కారణం తేలకపోతే వేరే మనిషిని చూసుకుంటాం” అంది. మా ఆవిడకి ఆ రాత్రి అన్నం సహించలేదు. మా అమ్మకి తెలిస్తే కంగారు పడుతుందని చెప్పొద్దంది. తమ్ముడికి మాత్రం చెప్పుకుని ఏడ్చింది. అదే కొంప ముంచింది.

మర్నాడే భూతద్దం బడి వంటగదిలోకి ఊడిపడ్డాడు.

“శవం లేదు, కత్తి లేదు. కానీ కొవ్వుంది. కొవ్వు అబద్ధం చెప్పదు బావా!” అని, అక్క వైపు గిర్రున తిరిగాడు. “నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావ్?”

“ఇక్కడే, గరిట తిప్పుతూ.”

“సాక్షులు?”

“బళ్ళో పిల్లలందరూ.”

“వాళ్లంతా నీ ఉప్పు తిన్నవాళ్లు. సాక్ష్యం చెల్లదు!”

అంటూనే నూనె డబ్బాలో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి రాలేదు. డబ్బా అంత పొడిగా ఉంది మరి. చివరికి సబ్బునీళ్లు పోసి లాగాం. మా ఆవిడ నూనె వాడటం లేదనడానికి అంతకన్నా రుజువేం కావాలి? డిటెక్టివుగారికి మాత్రం అది తట్టలేదు.

“అక్కా, రక్తసంబంధం చట్టానికి అడ్డు రాకూడదు. ఒప్పేసుకో.”

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, “నువ్వైనా నన్ను నమ్ముతావనుకున్నాన్రా” అంది.  వాణ్ని చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

“నమ్మకపోవడం కాదు బావా, అది పద్ధతి! ఇక మిగిలింది వెనక గేటు. దొంగ నూనె అటు నుంచే వస్తోంది. రేపు మారువేషంలో కాపు కాస్తా.”

ఆ రేపు గురువారం. ఇక మిగిలింది ఒక్క రోజే. అందుకే నోరు మూసుకుని ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం ఆటల గంట కొట్టేసరికి, వెనక గేటు దగ్గర ఓ ముసలమ్మ తయారైంది. మా అమ్మ శాలువా, మా అమ్మ పాత కళ్లజోడు, చేతికర్ర, భుజాన సంచీ. ఆ కళ్లజోడుతో వాడికి గేటు కూడా ఆనలేదు. కర్ర తాటించి తడుముకుంటున్నాడు. నేను నీళ్ల ట్యాంకు వెనక నక్కాను.

ఉన్నట్టుండి పిల్లలు బిలబిలమంటూ వచ్చి వాడి మీద పడ్డారు.

“ఇవాళ మీ వంతా మామ్మా?”

“కేకు తెచ్చారా?”

“త్వరగా తియ్యండి మామ్మా, బెల్లు కొట్టేస్తారు!”

సంచీలో చేతులు పెట్టారు. స్క్రూడ్రైవర్లు, స్ప్రింగులు, ఓ పాత అలారం గడియారం. అది గణగణా మోగింది.

“బావా! ముఠా! చుట్టుముట్టేశారు!” అని అరుస్తూ భూతద్దం వెల్లకిలా పడ్డాడు. శాలువా జారిపోయింది. మామ్మకి మీసాలు చూసి పిల్లలు కెవ్వుమన్నారు.

సరిగ్గా అప్పుడు గేటు అవతల నుంచి ఓ గొంతు ఖంగుమంది. “గురువారం వంతు నాది! మధ్యలో దూరిందెవత్తె?”

ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. మా అమ్మ! చేతిలో బరువైన సంచీ. అందులోంచి కేకుల వాసన. పిల్లల గుంపులో మావాడు నెమ్మదిగా ఒకడి వెనక్కి జరిగాడు.

“అమ్మా! ఏమిటిది?”

“ఏముందిరా, ఆ ఉడికించిన క్యారెట్టు తిని పసివాళ్లు బతుకుతారా? మొదట మనవాడికే తెచ్చా. పక్కవాళ్లు బిక్కమొహం వేసుకుని చూశారు. దాంతో నలుగురు మామ్మలం కలిసి వంతులేసుకున్నాం.”

“వాడికి చొక్కా పట్టడం లేదమ్మా!”

“ఉతికితే బట్ట కుంచించుకుపోదూ?”

“కేకుల సంగతి తెలీక నీ కోడలి మీద పడ్డారు. రేపు ఆవిడ ఉద్యోగం పోతోంది.”

అమ్మ సంచీ అక్కడే వదిలేసి, ఎప్పుడూ లేనంత వేగంగా హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లింది. నేను వెనకే పరిగెత్తాను.

“మా కోడలి తప్పేం లేదండీ. పిల్లల్ని మేపింది నేను. తీసేస్తే నన్ను తీసెయ్యండి!”

“మీరిక్కడ ఉద్యోగంలో లేరు కదండీ?” అంది హెడ్మిస్ట్రెస్.

“లేకపోతే మాత్రం? తీసెయ్యండి!”

హెడ్మిస్ట్రెస్ నవ్వాపుకోలేకపోయింది. వంటగదికి తనే వెళ్లి, “పొరపాటు నాది. రేపేం వండుతున్నావమ్మా?” అని అడిగింది. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, క్యారెట్ల బుట్ట ముందుకు జరిపింది. 

గుమ్మంలో భూతద్దం శాలువా దులుపుకుంటూ, “అపరాధి ఇంట్లోనే ఉందని నాకు మొదట్నుంచీ అనుమానమే” అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

అమ్మ మాత్రం పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద కూలబడి, “నాకూ ఓ పళ్లెం పెట్టవే” అంది. మా ఆవిడ వడ్డించింది. అమ్మ తలెత్తకుండా పళ్లెం ఖాళీ చేసింది.

“ఎలా ఉంది అత్తయ్యా?”

“చప్పగా ఏడ్చింది” అంది అమ్మ. “ఇంకొంచెం వెయ్యి.”