అకేలా మీద రూపాయి

శనివారం పొద్దున్నే బాలనర్సింహ అరసేరు మేకమాంసం తెచ్చి పొయ్యి మీద పెట్టాడు. ఛత్రినాకలో ఆయన ఉండేది ఒక గది, దాని ముందు ఒక వసారా. భార్య మాణిక్యమ్మ పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఒక్క మనిషికి ఎన్ని బియ్యం కడగాలో ఆయన చేతికి బాగా తెలిసిపోయింది. ఇవాళ ఇద్దరికి కడగాల్సి వచ్చేసరికి చెయ్యి తడబడి, నలుగురికి సరిపడా కడిగేశాడు.

పక్కింటి బుచ్చమ్మకు గోడ మీదుగా వాసన తగిలింది.

"ఏంది నర్సింహా, శనివారం పూట నీసు వండుతున్నవ్?"

"నాకు వారాలేందక్కా? అన్ని వారాలు ఒక్కతీర్గనే ఉంటయి."

"సుట్టాలెవరన్న వస్తున్నరా?"

"ఒక దోస్తు వస్తడు, పొద్దుగూకినంక."

"పేరేంది?"

బాలనర్సింహ గరిట ఆపాడు. "అడగలె."

"పేరు తెల్వని దోస్తేందయ్యా!"

"ఇయాల అడుగుత," అన్నాడు బాలనర్సింహ. బుచ్చమ్మ నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. మూడేళ్లుగా అడగాలనుకుంటున్న సంగతి అది.

ఆ దోస్తు మలక్‌పేట గుర్రప్పందేల దగ్గర దొరికినవాడు. ఇదంతా తెల్లదొరల సీమలో యుద్ధం మొదలైన ఏడాది మాట. యుద్ధం ఎవరు గెలుస్తారన్న దాని మీద కూడా మలక్‌పేటలో తలా ఒక లెక్క ఉండేది, ఇక గుర్రాల సంగతి చెప్పాలా? పందేనికి ముందు గుర్రాలను తిప్పి చూపించేటప్పుడు ఏ గుర్రం లద్దె వేస్తే దాని మీదే రూపాయి పెట్టాలని, బరువు తగ్గిన గుర్రం తేలిగ్గా ఉరుకుతుందని గాజుల కొట్టు పెంటయ్య సిద్ధాంతం. పేరుకు తగిన సిద్ధాంతమేనని గిట్టనివాళ్లు అనేవారు. ఓడినప్పుడల్లా రెట్టింపు పెట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు అంతా తిరిగి వస్తుందని ఇంకొకాయన పద్ధతి. మొదట్లో టాంగాలో వచ్చేవాడు, ఇప్పుడు నడిచి వస్తున్నాడు.

బాలనర్సింహ పద్ధతి వీటన్నిటి కంటే సులువు. అక్కడ ఒక్కో గుర్రానికి ఒక్కో కిటికీ. ఏ కిటికీ ముందు వరస అన్నిటికంటే పొడుగ్గా ఉంటే ఆ వరస చివర నిలబడి ఒక్క రూపాయి టికెట్ కొనేవాడు. గుర్రం పేరు కూడా చదివేవాడు కాదు. ఆయనకు కావాల్సింది గుర్రం కాదు, జనం. ఎక్కువమంది పెట్టిన గుర్రం గెలిస్తే ఎక్కువమందితో కలిసి గంతులేయవచ్చు. ఓడితే ఎక్కువమందితో కలిసి తిట్టుకోవచ్చు. రెంటిలో ఏది జరిగినా ఆ కాసేపు మనిషి ఒంటరి కాడు. రూపాయికి అంతకంటే చవకగా తోడు దొరికే చోటు ఆయనకు పట్నం మొత్తంలో కనిపించలేదు.

ఆ తోడులో అసలు తోడు, కంచె దగ్గర ఎప్పుడూ పక్కన నిలబడే ఆ మనిషి. బట్టలకు రంగులద్దే పని ఆయనది, మోచేతుల దాకా నీలం. గుర్రం గెలిస్తే ఆ నీలి చేతులతో బాలనర్సింహను గట్టిగా వాటేసుకునేవాడు. ఓడితే "మునిగినం అన్నా!" అని భుజం మీద చెయ్యి వేసేవాడు. అన్నా, తమ్మీ అనుకోవడమే తప్ప పేర్లు చెప్పుకోలేదు. వారం మొత్తంలో బాలనర్సింహను ఇంకో మనిషి ముట్టుకునేది ఆ ఒక్కసారే. చెమటకు అంటిన నీలి మరక చొక్కా వీపు మీద ఉండిపోతే, ఆయన దాన్ని పెద్దగా రుద్ది ఉతికేవాడు కాదు. ఇవాళ ఆ మనిషి పేరు అడగాలి, ఇంటికి తీసుకువచ్చి అన్నం పెట్టాలి. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పని అంతే.

పన్నెండు గంటలకు దఫ్తర్‌లో బాలనర్సింహకు కడుపునొప్పి వచ్చింది. చార్మినార్ దగ్గరి ఆ దఫ్తర్‌లో కాగితాలకు నకళ్లు రాయడం ఆయన నౌకరీ. రేసులున్న శనివారాల్లో అక్కడ కడుపునొప్పి ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది.

"శనివారం శనివారమే వస్తదా నీకు?" అన్నాడు పెద్ద గుమాస్తా వైకుంఠం, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"నీళ్లు పడ్తలేవు సాబ్."

"సరే, పో. నాకు గూడ పొద్దుగాల్నుంచి జర తిప్పుతనే ఉన్నది."

బాలనర్సింహ మలక్‌పేట చేరేసరికి నీలి చేతుల మనిషి కంచె దగ్గర లేడు. పది మంది మధ్య నిలబడి చేతులు ఊపుతూ ఏదో గొప్పగా చెబుతున్నాడు. బాలనర్సింహను చూడగానే ఆయన మొహం వెలిగింది. "గదిగో, మా అన్న వచ్చిండు!"

పది మందీ ఒక్కసారి తిరిగి చూశారు. సంగతేమిటంటే, ఆ సీజన్‌లో వరసగా ఆరు వారాలు జనం పెట్టిన గుర్రాలే గెలిచాయి. జనం వెనక నిలబడిన బాలనర్సింహ కూడా ఆరు వారాలూ గెలిచాడు. నీలి చేతుల మనిషి అదే చెప్పాడు, వెనక జనం ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు.

గాజుల పెంటయ్య ముందుకు వచ్చాడు. "ఆరు వారాలు ఆరు గుర్రాలు గొట్టినవంట! ఖబర్ యాడికెల్లి వస్తదన్నా?"

"నాకేం ఖబర్ లేదన్నా. జనం యాడుంటె ఆడికి వోత."

పెంటయ్య పక్కవాళ్లకు కన్ను కొట్టాడు. "సూసిన్రా, ఎట్ల దాస్తున్నడో! ఉస్తాద్ అంటె గిట్లుండాలె."

లొల్లి అక్కడ మొదలైంది. బాలనర్సింహ పొడుగు వరసను వెతుక్కుంటూ కిటికీల వైపు నడిచాడు. ఆయన వెనక ముప్పై మంది నడిచారు. మూడో కిటికీ ముందు పది మంది కనిపిస్తే అటు తిరిగాడు. ఆయన తిరగడం చూసి ఐదో కిటికీ వాళ్లు కూడా వరస వదిలి మూడో కిటికీకి వచ్చారు. హమ్మయ్య, జనం ఇక్కడున్నారని ఆయన అడుగు వేయబోతుంటే, "ఉస్తాద్ తల అడ్డంగ ఊపిండు!" అని ఎవరో అరిచారు. ఆయన ఊపింది ముక్కు మీద ఈగ కోసం. మూడో కిటికీ ఖాళీ అయిపోయింది. జనం ఎక్కడుంటే అక్కడికి పోయే మనిషి, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి పోయే జనం, ఎవరు ముందు నడవాలో తేలక అందరూ కలిసి ఎండలో గుండ్రంగా తిరిగారు. ఆయన మూత్రశాలకు పోతే నలభై మంది పోయారు. అవసరం ఉన్నది ఆయన ఒక్కడికే.

ఈ తోపులాటలో నీలి చేతుల మనిషి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లిపోయాడు. "అన్నా! అన్నా!" అన్న పిలుపు వినిపించింది. తలల మీదుగా ఒక నీలి చెయ్యి కాసేపు కనిపించి మునిగిపోయింది. అటు పోదామని బాలనర్సింహ భుజంతో దారి చేసుకుంటుంటే ఎవరో ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. చూస్తే వైకుంఠం.

"నొప్పి తగ్గిందా?" అన్నాడు వైకుంఠం.

"తగ్గింది సాబ్. మీకు?"

"నాకు గూడ తగ్గింది."

ఇద్దరూ గుర్రాల వైపు చూశారు. తర్వాత వైకుంఠం గొంతు తగ్గించాడు. "ఏ గుర్రమో జెప్పు. నేను నిన్నీడ సూడలే, నువ్వు నన్నీడ సూడలే."

వెనక నుంచి పెంటయ్య భుజం పట్టాడు. ముందు నుంచి ఎవరో చొక్కా పట్టారు. "ఉస్తాద్, ఒక్క పేరు! ఒక్క పేరు జెప్పు!" నలువైపులా చేతులే. వారానికి ఒక్కసారి తప్ప మనిషి చెయ్యి తగలనివాడికి ఇప్పుడు వంద చేతులు తగులుతున్నాయి, కావాల్సిన చెయ్యి తప్ప. బాలనర్సింహకు ఏడుపు ముంచుకొచ్చింది. పట్నంలో అందరికీ అర్థమయ్యే భాషలో గొంతు చించుకుని అరిచాడు.

"అకేలా! అకేలా ఛోడో భాయ్!"

ఒంటరిగా వదిలేయండి అని ఆయన అనడం బతుకులో అదే మొదటిసారి. ఆ గోలలో మొదటి మాట ఒక్కటే అందరికీ వినిపించింది. గుర్రాల పేర్లు చదివే అలవాటు ఉంటే ఆయనకు తెలిసేది, తర్వాతి పందెంలో ఏడో నంబరు గుర్రం పేరు అకేలా. ముసలి గుర్రం. మొన్న చివరిది, అటు మొన్న చివరిది. దాని మీద దాని యజమాని కూడా రూపాయి పెట్టేవాడు కాదు.

"అకేలా! ఉస్తాద్ అకేలా అన్నడు!"

ఒక్క నిమిషంలో బాలనర్సింహ చుట్టూ నరపురుగు లేదు. వైకుంఠం తన వయసు మరిచి పరుగెత్తాడు. లద్దె సిద్ధాంతం వదిలేసి పెంటయ్య పరుగెత్తాడు. బాలనర్సింహ చొక్కా సర్దుకుని, కంచె దగ్గరికి పోయి నీలి చేతుల మనిషి కోసం చూశాడు. లేడు. కిటికీల దగ్గర ఉన్నాడేమోనని వెనక్కి వచ్చాడు. అక్కడ ఏడో కిటికీ ముందు, రేస్‌కోర్సులో ఎన్నడూ చూడనంత పొడుగు వరస ఉంది. ఇంత జనంలో తన మనిషి కూడా ఉండే ఉంటాడనుకుని, అలవాటు ప్రకారం చివర నిలబడ్డాడు. ముందున్నాయన కొత్త మొహం.

"ఏ గుర్రమన్నా?" అని అడిగాడు బాలనర్సింహ.

"అకేలా అంట."

"ఎవరు జెప్పిన్రు?"

"ఎవరో ఉస్తాద్ జెప్పిండంట. మస్తు తెలిసినోడంట."

అయితే సరేనని బాలనర్సింహ కూడా అకేలా మీద రూపాయి పెట్టాడు.

పందెం మొదలైంది. ఏడు గుర్రాల్లో ఆరు ముందుకు దూకాయి. అకేలా కొంచెం ఆలోచించి బయలుదేరింది. జనం నెత్తులు బాదుకున్నారు. అయితే మలుపు దగ్గర ఆ ఆరు గుర్రాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపుగా తిరిగాయి. ముందున్నది కాలు జారి తూలింది, దాన్ని తప్పించబోయి మిగతావి బయటి కంచె దాకా పోయాయి. ఎవరితోనూ కలవకుండా వెనక ఒక్కటే వస్తున్న అకేలాకు లోపలి దారి మొత్తం ఖాళీగా దొరికింది. అది ఆ దారినే, పెద్దగా తొందరపడకుండా, వచ్చి గెలిచింది.

వేల గొంతులు "అకేలా! అకేలా!" అని అరిచాయి. టోపీలు లేచాయి. పెంటయ్య వచ్చి బాలనర్సింహను వాటేసుకున్నాడు, వైకుంఠం వాటేసుకున్నాడు, ముక్కూ మొహం తెలియనివాళ్లు వాటేసుకున్నారు. తర్వాత ఆయనను భుజాల మీదికి ఎత్తారు. అంత ఎత్తు మీద నుంచి బాలనర్సింహ నాలుగు వైపులా చూశాడు. తెల్లటి చేతులు, నల్లటి చేతులు, అన్నీ గాల్లో ఊగుతున్నాయి. నీలి చేతులు లేవు. ఇంతమంది మోస్తుండగా తనంత ఒంటరివాడు లేడనిపించింది ఆయనకు.

అప్పుడు పలక మీద చెల్లింపు రాశారు. రూపాయికి రూపాయి.

అరుపులు ఆగిపోయాయి. పందెంలో పడిన డబ్బంతా ఒక కుప్ప. రేస్‌కోర్సు ఓడిన డబ్బులోంచే తన వాటా తీసుకున్నాక మిగిలింది గెలిచిన గుర్రం మీద పెట్టినవాళ్లంతా పంచుకోవాలి. ఓడిన గుర్రాల మీద ఎవరైనా పెట్టి ఉంటే కదా పంచుకోవడానికి! అందరూ గెలిచారు, ఎవరి రూపాయి వాళ్లకు వచ్చింది.

బాలనర్సింహను మోస్తున్న భుజాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"ఇంతమందికి ఎందుకు జెప్పినవయ్యా?" అన్నాడు పెంటయ్య. "నా ఒక్కని చెవుల జెప్తె ఏం బోయింది? ఉస్తాదంట ఉస్తాద్!"

"నౌకరీకి వచ్చేటప్పుడు డాక్టర్ చీటీ తీస్కొని రా," అన్నాడు వైకుంఠం. కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయాడు.

గెలిచినవాళ్లంతా ఆయన్ని తిట్టుకుంటూ గేటు దాటారు. ఓడిన రోజుల్లో కూడా ఎవరూ అలా తిట్టలేదు. బాలనర్సింహ ఒక్కడే కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో నలుగురికి సరిపడా అన్నం ఉంది. దాన్ని తలుచుకుంటే కాళ్లు ఇంటి వైపు కదల్లేదు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. "మునిగిన అన్నా!"

నీలి చెయ్యి. బాలనర్సింహ గిర్రున తిరిగాడు. "యాడికి వోయినవ్ తమ్మీ?"

"నూకేసిండ్రన్నా. వరసలకెల్లి నూకుడు, నూకుడు, రెండో కిటికీ కాడ పడ్డ. గంట గొట్టేసిండ్రు. ఇగ దొరికిన టికెట్టే కొన్న. అందరు గెలిచిండ్రు, నేనొక్కన్నే ఓడిన." ఆయన తల వంచుకున్నాడు. "తప్పు నాదేనన్నా. నీ గురించి నేనే గొప్పగ జెప్పిన. నాకు జెప్పుకోనీకె ఇంకెవరున్నరు?"

 తనను గురించి గొప్పగా చెప్పుకునే మనిషి ఒకడు ఉన్నాడన్న సంగతే బాలనర్సింహ ఊహకు ఎన్నడూ రాలేదు.

"నీ పేరేంది తమ్మీ?"

"శివయ్య."

"నేను బాలనర్సింహ. అన్నం తిననీకె మా ఇంటికి వస్తవా శివయ్యా?"

 శివయ్య ఆయన భుజం మీది చెయ్యి తీయకుండానే తల ఊపాడు. ఛత్రినాక దాకా అలాగే నడిచారు.

గుమ్మం ఎక్కుతూనే బాలనర్సింహ గోడ వైపు తిరిగి, "అక్కా, శివయ్య! పేరు శివయ్య!" అని కేకేశాడు. తళ్లెలు కడిగి, ఎదురెదురుగా పీటలు వేశాడు. కుప్పగా అన్నం పెట్టి, కూర గిన్నె మూత తీశాడు. గదంతా వాసన కమ్ముకుంది.

శివయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నీసా అన్నా?"

"అవును, పొద్దున్నే వండిన. నీ కోసమే."

"ఇయాల శనివారం గదన్నా," అన్నాడు శివయ్య, తప్పు చేసినవాడిలా. "మా అమ్మ ఉన్నప్పటి సంది శనివారం ముట్ట."

గోడ అవతల బుచ్చమ్మ దగ్గు వినిపించింది. బాలనర్సింహ కూర గిన్నె వైపు చూశాడు, శివయ్య వైపు చూశాడు. లేచి చింతపండు నానేసి, ఉల్లిగడ్డ తరిగి, పచ్చిపులుసు కలిపాడు. శివయ్య మూడుసార్లు అన్నం వేయించుకుని జుర్రుకుంటూ తిన్నాడు. ఎదుటి పీట మీద ఆ చప్పుడు విని ఆరేళ్లయింది, బాలనర్సింహ ముద్ద చేతిలో పట్టుకుని వింటూ కూర్చున్నాడు. నలుగురి అన్నం ఇద్దరికి సరిపోయింది.

మాంసం మాత్రం ఆ పూట ఆయన అకేలాగానే తిన్నాడు.