లిండన్ పొట్టి సంతకం

ఆ ఉదయం లిండన్ కుబిచెక్ పెట్టుకున్న పని చిన్నదే. జిల్లా ఆఫీసులో ఓట్లు తిరిగి లెక్కపెడుతుంటే చెల్లెలి తరఫున బల్ల దగ్గర కూర్చోవాలి, పొద్దుండగానే ఇంటికెళ్లి వాకిట్లో మంచు తియ్యాలి. చెల్లెలు ఆర్లీన్ రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీచేసి, వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్ల ఆధిక్యంలో ఉంది. గెలుపో ఓటమో ఈ లెక్కతో తేలిపోతుంది.

లిండన్ బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. పొరపాటు చేసినవాణ్ణి చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. ఎదురుగా ప్రత్యర్థి తరఫున పక్కవీధి వెర్నా స్వెటరు అల్లుకుంటూ కూర్చుంది.

మొదటి కట్టలోనే ఒక ఓటు కాగితం మీద ఎవరో ఆర్లీన్ పేరు పక్కనున్న ఖాళీ సున్నాని సిరాతో నింపి, కొట్టేసి, ప్రత్యర్థి సున్నా నింపారు. ఉద్దేశం తెలుస్తూనే ఉంది, చెల్లుతుందంది అధికారి గ్రెటా. లిండన్ లేచి నిలబడ్డాడు.

"సున్నా నింపడం చేతకాని దద్దమ్మకి ఓటెందుకండీ?"

అది విని పక్క బల్లలవాళ్లూ అభ్యంతరాలు మొదలుపెట్టారు. లాయర్లు పరిగెత్తుకొచ్చారు. లెక్కింపు ఆగిపోయింది. టీవీవాళ్లొస్తే వాళ్ల ముందూ దద్దమ్మ మాటే అన్నాడు. పోరు పడలేక గ్రెటా కొట్టివేతలున్న ఓట్లన్నీ పక్కన పెట్టించింది.

కెమెరా ఇంకా అతని భుజం మీదుగా చూస్తుండగానే తర్వాతి ఓటు వచ్చింది. ప్రత్యర్థి సున్నా కొట్టేసి, ఆర్లీన్ సున్నా నింపి ఉంది. కొట్టివేత పక్కన లిండన్ పొట్టి సంతకం. బ్యాంకులో ప్రతి దిద్దుబాటు పక్కనా పెట్టి పెట్టి, ఓటేసిన రోజూ చెయ్యి దానంతటదే పెట్టేసింది.

లిండన్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెర్నా అల్లిక ఆపి సంతకం చూసింది, అతని చొక్కాకున్న పేరు బిళ్ళ చూసింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది లిండన్‌కి.

"పాపం, ఈ ఓటేసినాయన మనసు మీ చెల్లెలి మీదే ఉంది కదండీ. లెక్కేద్దాం," అంది మెల్లగా.

ఆ జాలికి అతను సిగ్గుతో చచ్చిపోయాడు. కొట్టివేతలున్న ఓట్లన్నీ చెల్లుతాయని గొణిగి అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. పక్కన పెట్టినవన్నీ తిరిగొచ్చాయి, వాటిలో ఎక్కువ ప్రత్యర్థివే. అతనిది మాత్రం చెల్లదంది గ్రెటా. వేసినవాళ్లెవరో పట్టించే గుర్తు ఓటు మీద ఉండకూడదట.

ఆర్లీన్ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"చెల్లకుండా పోయిన ఆ ఓటు ఎవరిదన్నయ్యా?"

"ఓటు రహస్యం కదమ్మా. చెప్పకూడదు."

"టీవీలో చూశాన్లే," అంది ఆర్లీన్.

రాష్ట్రమంతటికీ తెలిసిన రహస్య ఓటు ఆ ఎన్నికలో అదొక్కటే.