కూర్చోని కోడలు

ఉరుకుందమ్మకు అన్నింటికన్నా భయం కూర్చోవడమంటే. దయ్యాలకు భయపడదు. తేలుకు భయపడదు. అత్త సుంకులమ్మ దగ్గుకు కూడా ఇప్పుడు పెద్దగా భయపడదు. ఎవరైనా పీట వాల్చి "కూచోమ్మా" అన్నారా, ముచ్చెమటలు పట్టేస్తాయి.

కారణం చిన్నదే. కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆమె కాపురముండే నేతగాళ్ళ పేటకు కూడా ఒక కాన్పుల ఆసుపత్రి వచ్చింది. తల్లి లేని పిల్ల కనుక ఉరుకుందమ్మకు అత్తగారింటి వాళ్ళే తొలికాన్పు అక్కడ చేయించారు. ఆసుపత్రికి ఒక పద్ధతి ఉంది. తొలిచూలు మనిషైతే, బిడ్డ తల కనబడగానే కింద కత్తెరతో కోసి దారి వెడల్పు చేయాలి, ఆనక కుట్టాలి. లోపల బిడ్డకు ఊపిరాడనప్పుడు ఆ కోత ప్రాణం నిలబెడుతుందంటారు. నిజమే అయ్యుంటుంది. ఉరుకుందమ్మ బిడ్డ దానంతటది వస్తూనే ఉంది. అయినా పద్ధతి పద్ధతే గదా! "కదలాకు" అన్నారు. ఈ విషయమై ఆమెతో జరిపిన సంప్రదింపులు అంతవరకే.

మగబిడ్డ పుట్టాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. కుట్లకు చీము పట్టింది. అది ఎట్లో మానాక, మానినచోట బిర్రుగా గడ్డకట్టింది. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే. మొగుడు కంబన్నతో చెప్పుకోవాలంటే సిగ్గు. చివరికి అత్తతో చెప్పింది.

"కింద శానా నొప్పిగా ఉండాదత్తా."

"కాన్పంటే కింద గాక నెత్తిన నొస్తాదా?" అని సుంకులమ్మ రోగనిర్ణయం ముగించింది.

అప్పట్నుంచి ఉరుకుందమ్మ నిలబడే ఉంది. నిలబడి తింటుంది. రాట్నాన్ని అరుగు మీదికెక్కించి, నిలబడే కండెలు చుడుతుంది. బిడ్డకు పాలు మాత్రం పక్కకు ఒరిగి పడుకుని ఇస్తుంది. నిలబడ్డ ఎద్దును చూసి ఏం రోగమో అనుకునే ఊరు అది. నిలబడ్డ కోడలిని చూసి మాత్రం ఎవరూ అట్లా అనుకోరు. పెద్దల ముందు కూర్చోకపోవడం కోడలి లక్షణం.

పక్కింటి నాగలక్ష్మమ్మ ఈ సుగుణాన్ని మొదట కనిపెట్టింది.

"ఏమ్మే సుంకులమ్మా, నీ కోడలికి యాడలేని మర్యాదొచ్చిందే! ముందర మామ ఎదురుగానే కాళ్ళు చాపుకోని కూచుంటాండె."

"ఆసుపత్రికి పోయొచ్చినప్పట్నుంచి అంతేనమ్మా. ఆడ ఏం నేర్పిచ్చినారో ఏమో!"

"అట్లైతే మా కోడల్ని గూడా కాన్పుకు ఆడికే పంపిచ్చాల. దానికి పీట మీదనే పానం."

పంపించింది. అది చూసి వీధంతా పంపించింది. ఏడాది తిరిగేసరికి ఆ వీధిలో కోడళ్ళంతా నిలువుగా ఉన్నారు. పీటలు పొయ్యి కిందికి పోయాయి. ఉరుకుందమ్మ చదువు నాలుగో తరగతిలోనే ఆగింది. బడిలో నిలబెడితే శిక్ష, అత్తగారింట్లో నిలబడితే గౌరవం. ఈ తేడా నేర్పే తరగతికి చేరకముందే ఆమెను బడి మాన్పించారు.

ఆసుపత్రికి ఏడాది నిండిన సంబరాల సభలో ఆమెను వేదిక ఎక్కించారు. పంచాయతీ ప్రెసిడెంటు బొజ్జన్న గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! స్వరాజ్యం వచ్చినది. రాజధాని వచ్చినది. అయినను మన కోడళ్ళకు క్రమశిక్షణ రాలేదని మనమందరమూ కుమిలితిమి. ఆ కొరతను ఈ ఆసుపత్రి తీర్చినది. కుర్చీ వేసినా కూర్చోని ఈ తల్లిని కనులారా చూడుడు!"

జనం చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మకు పూలమాల వేశారు. తాను క్రమశిక్షణ కూడా కుడుతున్నానని ఆమెకు అంతవరకూ తెలియదు. అయినా మాల కాదనలేదు.

ఆ వారమే కంబన్న మగ్గం మీద చీర ముగించాడు. చేతులు కడుక్కుని, కత్తెరకు పసుపు కుంకుమ పెట్టి, "అమ్మా, కోస్తాండా" అని తల్లిని సెలవడిగాడు. ఆ ఇంట్లో అది ఆచారం.

"నిలువప్పా, బాగా చూసుకో. ఒక్క పోగు పక్కకు తెగినా మళ్ళీ అతకదు."

కంబన్న చూసుకున్నాడు. మళ్ళీ అడిగాడు. కండెలు చుడుతున్న ఉరుకుందమ్మ నోట్లోంచి మాట జారింది.

"నన్ను కోసేటప్పుడు ఎవురూ అడగలేదు."

కంబన్న తెల్లబోయాడు. "నువ్వేమన్నా చీరవా?"

న్యాయమైన మాటే. చీరనైతే కొనేవాడు వెలుతురులో పట్టుకుని చూస్తాడు.

ఆ మాటకు నవ్వనిది ఒక్క భీమక్కే. ఆమె కంబన్న చెల్లెలు, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగ్గం గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని, ఊగుతూ కబుర్లు చెప్పే పిల్ల. ఉరుకుందమ్మ ఆమెను వంటింట్లోకి లాక్కుపోయి, సిగ్గు పక్కన పెట్టి అంతా చెప్పింది.

"అడుగుతా వదినా," అంది భీమక్క. "ఎందుకు కోస్తాండారో చెప్పినాకనే కత్తెర పట్టమంటా."

నొప్పుల మధ్య నిజంగానే అడిగింది. అడిగితే బదులు చెప్పే పద్ధతి ఆసుపత్రిలో లేదు. ఉన్న పద్ధతే పాటించారు.

బాలింత రోజులు గడిచాక భీమక్కను కమలాపురంలోని అత్తగారింటికి సాగనంపారు. పోయేటప్పుడు బండిలో పడుకునే పోయింది. కొన్నాళ్ళకు అక్కడి నుంచి కబురొచ్చింది: "మీ పిల్ల బంగారం. ఎప్పుడూ కాళ్ళ మీదనే ఉంటాది."

సుంకులమ్మ వీధిలో బెల్లం పంచింది. ఆ కబురు విన్న ఉరుకుందమ్మ, భయం సంగతే మరిచి, ఉన్నచోటనే కూలబడింది.

"అత్త ముందర కూచుంటావా? సిగ్గులేదా!" అని అరిచింది సుంకులమ్మ.

అయ్యా, అమ్మా, కమలాపురం వైపు పోయేవాళ్ళు భీమక్కను ఒక్కసారి చూసి రండి. అత్తగారు మెచ్చుకుంటే తలూపి వచ్చేయకండి. పీట వేసి చూడండి. అంత దూరం పోలేమంటారా? మీరు ఇది కూర్చుని చదువుతున్నారు గదా, మీ వంటింట్లో నిలబడి ఉన్నదెవరో లేచి చూడండి.