టిప్పు మీద దండయాత్ర

అవినీతి మహావృక్షానికి తల్లివేరు ఎక్కడుందో కోక్‌సాయ్ జిల్లా అకీమ్ దూయ్‌షెన్‌బెక్ గారు కనిపెట్టేశారు. జిల్లాకంతటికీ పెద్ద కాబట్టి ఆయన కంటికే ఆనింది. అది గనుల్లో లేదు. రోడ్ల కాంట్రాక్టుల్లో లేదు. భూముల రిజిస్ట్రేషన్‌లో అసలే లేదు. బజారు వెనక సెలూన్‌లో ఉంది.

"జుట్టు కత్తిరించగానే ఇరవయ్యో ముప్ఫయ్యో సోములు చేతిలో పెట్టి, 'టీ తాగు చెల్లెమ్మా' అంటున్నారే, అదీ లంచానికి అమ్మమ్మ! రేపట్నుంచి మన జిల్లాలో టిప్పు బంద్!" అని ఆయన బల్ల గుద్ది ప్రకటించారు. ఆ గుద్దడం కోసమే కొత్త బల్ల కొన్నారు. విలేకరులు ఇద్దరూ లేచి చప్పట్లు కొట్టారు. తరవాత గొర్రె మాంసంతో భోజనాలు, వెళ్ళేటప్పుడు తలా ఒక తెల్ల టోపీ.

ఈ మహత్కార్యం జోల్దోష్ అనే కుర్ర ఇన్స్‌పెక్టర్ నెత్తిన పడింది. ఎవరైనా కవరు ఇవ్వబోతే చెవుల దాకా ఎర్రబడి తలుపు చాటుకి పోయే మనిషి. అందుకే ఆఫీసులో అతనికి స్నేహితులు లేరు.

మర్నాడు పొద్దున్నే అతను సెలూన్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్కడ పనిచేసే బురుల్చా కత్తెర ఆపి చూసింది.

"తమ్ముడూ, కత్తిరింపు డబ్బుల్లో సగం ఓనరమ్మకి పోతుంది. చలికాలం బొగ్గు టిప్పులతోనే కొంటాను. నువ్విక్కడ కూర్చుంటే నా పొయ్యి ఆరిపోద్ది."

"దేశం కోసం కాస్త చలి ఓర్చుకోవాలక్కా."

"అకీమ్ గారి ఆఫీసులో హీటర్ తీసేశారా మరి?"

జోల్దోష్ బయటికెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. తీసెయ్యలేదు. ఇంకోటి పెట్టారు.

జనం టిప్పు మానేశారు. కానీ కృతజ్ఞత ఊరుకుంటుందా? ఒకావిడ పోతూ పోతూ ఆప్రికాట్ జామ్ సీసా మరిచిపోయింది. జోల్దోష్ ఫోన్ చేశాడు. ద్రవరూప టిప్పు అని తీర్పొచ్చింది. ఇంకొకాయన ఎండబెట్టిన పెరుగు ఉండలు మరిచిపోయాడు. అది ఘనరూపం. ఆ తరవాత తోక్తోబూబూ అవ్వ జుట్టుకి రంగు వేయించుకుని, అద్దంలో మురిసిపోయి, రెండు అరచేతులూ చాచి దీవెన మొదలెట్టింది.

"నీ చేతులు చల్లగుండ! నీ పిల్లలు గుర్రాలెక్క! నీ..."

"అవ్వా, ఆగాగు!" జోల్దోష్ మధ్యలో దూకాడు. ఫోన్ వెళ్ళింది. ఒక్క దీవెనైతే మర్యాద, రెండోది వాయురూప టిప్పు అని జవాబొచ్చింది.

"తిట్లకి నిషేధముందా నాయనా?" అని అడిగింది అవ్వ.

జోల్దోష్ నిజాయితీపరుడు. మళ్ళీ కనుక్కుని లేదన్నాడు. అవ్వ శాలువా సర్దుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, అతని వంశాన్ని మధ్యాహ్నం భోజనాల వేళ దాకా తిట్టింది. బురుల్చా నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేసింది.

ఆకులు రాలే కాలానికి అకీమ్ గారు అతన్ని పిలిపించారు.

"ఏమయ్యా, ఒక్కడైనా దొరకలేదా?"

"నిర్మూలన పూర్తయింది సార్!"

"పూర్తయితే ఇంకెందుకూ అని పైవాళ్ళు అడుగుతారు కదయ్యా! ఈ పని మీద వచ్చిన జీపులు వెనక్కివ్వాలా? శుక్రవారం పెద్దలొస్తున్నారు. ఆలోగా ఒక నేరస్తుణ్ణి పట్టుకురా. ముందు ఆ జుట్టు కత్తిరించుకో, గొర్రెలా ఉన్నావు!"

జోల్దోష్ బిక్కమొహంతో వెళ్ళి బురుల్చా కుర్చీలో కూర్చున్నాడు. అన్ని తిట్లు పడ్డవాడి మీద ఆమెకి జాలేసింది. కుడివైపు కత్తిరించింది. చెవిలో వెంట్రుకలు తీసింది. వేడి తువ్వాలుతో మెడ తుడిచింది.

"వేళకి తింటున్నావా తమ్ముడూ? కళ్ళు లోపలికి పోయాయి."

అమ్మ పోయాక ఆ తలని అంత మెత్తగా ఎవరూ ముట్టుకోలేదు. జోల్దోష్ అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు ఎవరో అందగాడు కనబడ్డాడు. అతనికి గుండె నిండిపోయింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి, ఒక నోటు తీసి, ఆమె ఏప్రన్ జేబులో పెట్టింది.

"టీ తాగక్కా."

సెలూన్‌లో డ్రయ్యర్లన్నీ ఆగిపోయాయి.

"తీసేసుకో తమ్ముడూ. నేను చూడలా," అంది బురుల్చా గొంతు తగ్గించి.

"నేను చూశానక్కా!"

"ఒరే పిచ్చి నాయనా, కూర్చో! ఎడమ పక్క అలాగే ఉందిరా!"

అతను కూర్చోలేదు. మెడకి కట్టిన గుడ్డ రెపరెపలాడుతుంటే, తన భుజాన్ని తానే పట్టుకుని, మెయిన్ రోడ్డంతా తనని తాను నడిపించుకుంటూ అకీమ్ గారి గదిలోకి తీసుకుపోయాడు.

"దొరికాడా?" అకీమ్ గారు కుర్చీలోంచి లేచారు.

"దొరికాడు సార్. నేనే."

అకీమ్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. తరవాత ఆయన కళ్ళలో ఆనందబాష్పాలు తిరిగాయి. జోల్దోష్‌ని కావలించుకుని, శుక్రవారం దాకా ఎడమవైపు ఎవరూ కత్తెర పెట్టకూడదని ఆర్డరు వేశారు. సాక్ష్యం చెరిగిపోకూడదు కదా.

శుక్రవారం సభ దివ్యంగా జరిగింది. కుడివైపు నుంచి నేరస్తుణ్ణి పట్టిన అధికారిగా, ఎడమవైపు నుంచి పట్టుబడ్డ నేరస్తుడిగా జోల్దోష్‌ని ఫొటోలు తీశారు. కుడి ఛాతీకి పతకం గుచ్చారు. ఎడమ చేతికి జరిమానా కాయితం ఇచ్చారు. టిప్పు పుచ్చుకున్న బురుల్చాని హెచ్చరించి వదిలేశారు. ఆమె మాత్రం వెనక వరసలోంచి, "ఆ ఎడమ పక్క నా పనితనం కాదండోయ్!" అని పెద్దలందరికీ వినబడేలా అరిచింది.

సభ అయ్యాక అకీమ్ గారు జోల్దోష్‌ని వరండాలోకి లాక్కుపోయారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అబ్బాయ్! పైవాళ్ళు నీ గురించి ఒక మాట చెప్పి వెళ్ళార్రా! సుయున్చూ!"

శుభవార్త మోసుకొచ్చినవాడు ముందు ఆ మాట అని చెయ్యి చాపుతాడు. అందులో ఏదో ఒకటి పడ్డాకే విషయం చెబుతాడు. అది లంచం కాదు, తాతలనాటి మర్యాద.

జోల్దోష్ జేబులన్నీ తడుముకున్నాడు. జరిమానా కట్టగా మిగిలిందంతా తీసి, రెండు చేతులా వినయంగా అకీమ్ గారి అరచేతిలో పెట్టాడు.

అకీమ్ గారు చేతిలోకి చూసుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు.