ఛాయాదేవి నవలకు మండలి వారి సవరణలు

నవలలోని తప్పులన్నీ సరిదిద్దగా మిగిలేదే సినిమా. ఈ సత్యాన్ని అధికారికంగా గుర్తించిన మొదటి సంస్థ, ఢిల్లీలో 2004లో వెలసిన నవలా చలనచిత్రీకరణ మండలి. (అంతకుముందు ఈ పనిని నిర్మాతలు ఏ ఫారమూ లేకుండా, ఇష్టమొచ్చినట్టు చేసేవారు.)

2006లో మండలి కళ్లు ఛాయాదేవి నవల మీద పడ్డాయి. ఈమె ఢిల్లీలోనే ద్వారకలో ఉంటుంది, ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో రెండు గదుల్లో మెస్ నడిపి, ఐఏఎస్ రాసే పిల్లలకు పదిహేనేళ్లు పప్పుచారు పోసిన తన తల్లి అన్నపూర్ణేశ్వరి గురించి తెలుగులో రాసింది. బాగా రాసింది. చదివి ఏడ్చానని ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె కూతురు స్నిగ్ధ మాత్రం చదవలేదు. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, అక్షరాలు రావు. అమ్మమ్మ పోయేనాటికి రెండేళ్లది. చదివి వినిపిస్తానంటే "బాద్ మే, మమ్మీ" అని వాయిదా వేస్తుంది. హిందీలో సినిమా వస్తే అమ్మమ్మ ఎలాంటి మనిషో పిల్లకు తెలుస్తుంది కదా అని ఛాయాదేవి ఆశ. ఆమెకు కావలసింది అదొక్కటే.

మండలి సంయుక్త సంచాలకులు రామమోహనరావు గారు ఆమెను కూర్చోబెట్టి, "మీరూ సర్వీసులో ఉన్నవారే మేడమ్, మీకు నేను చెప్పేదేముంది" అని ఫారం 17-బి ముందుంచారు. నలభై ఒక్క పేజీలు. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పసుపు చీటీ. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఛాయాదేవి పసుపు చీటీ ఉన్న కాగితాన్ని చదివి ఎరుగదు. (చదివేవాళ్లకు ప్రమోషన్లు రావు.) చాయ్ చల్లారేలోగా సంతకాలన్నీ పెట్టేసి, అలవాటు కొద్దీ అడుగున "చూశాను, అంగీకరించాను" అని కూడా రాసింది.

ఇక సవరణలు నిబంధనల ప్రకారం జరిగిపోయాయి. రెండు గదుల్లో కెమెరా తిరగదు గనక స్థల ఉపసంఘం మెస్సును రాజస్థాన్ కోటగా మార్చింది. ఆహార ఉపసంఘం పప్పుచారుకు జాతీయ స్థాయి లేదని తేల్చి రాజ్మా పెట్టింది. (ఒక సభ్యుడు అసమ్మతి తెలిపారు. ఆయన ఛోలే కావాలన్నారు.) గరిటె పట్టుకున్న మనిషిని పోస్టరు మీద వేయలేం కాబట్టి అన్నపూర్ణేశ్వరికి కత్తి మంజూరైంది.

మరుసటి ఏడాది మండలి హాల్లో సినిమా వేశారు. ఇంటర్వెల్ కాగానే ఛాయాదేవి స్నిగ్ధను సీట్లోనే ఉండమని, రామమోహనరావు గారి గదిలోకి దూసుకెళ్లింది.

"ఏంటండీ ఈ ఘోరం? మా అమ్మ కత్తి తిప్పడమేంటి? వంకాయ తరగడానికి కూడా కత్తిపీటే వాడేది!"

ఆయన తొణక్కుండా ఫైలు తెరిచారు. "మీ సంతకాలే కదా మేడమ్."

"నేను చదవలేదండీ!"

"మేమూ మీ నవల చదవలేదు. మిమ్మల్నేమైనా అన్నామా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "అభ్యంతరముంటే ఫారం 17-సి ఇవ్వండి. నవలను సినిమాకు తగ్గట్టు మార్చుకోడానికి అనుమతిస్తాం."

పిల్లకు ఇదంతా అబద్ధమని చెప్పేయాలనుకుంటూ ఛాయాదేవి మండిపోతూ వెనక్కి వచ్చింది. అప్పటికే రెండో సగం నడుస్తోంది. అదీ అయిపోయి లైట్లు వెలిగాయి. స్నిగ్ధ కళ్లు తుడుచుకుంటూ తల్లి చెయ్యి పట్టుకుంది.

"మమ్మీ, అమ్మమ్మ ఇత్నీ గ్రేట్ థీ? తల్వార్ భీ? ముఝే కభీ బతాయా క్యోఁ నహీఁ?"

ఇంత గొప్ప మనిషి సంగతి తనకెప్పుడూ ఎందుకు చెప్పలేదని! పదహారేళ్లలో ఆ పిల్ల అమ్మమ్మ గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"మర్చిపోయానమ్మా," అంది ఛాయాదేవి.